పని ముగిశాక ఊపిరి పరీక్ష

ఏలూరులో క్లినిక్ నడుపుకుంటూనే, పెదపాడు దారిలోని ఒక రొయ్యల ప్లాంటుకు డాక్టరుగా కుదిరాను. ఏటా అక్కడి పనివాళ్లకు బయటి ల్యాబు వాళ్లు పరీక్షలు చేస్తారు. రిపోర్టులు చూసి నేను సంతకం పెట్టాలి. మొదటి ఏడాది అందరి ఊపిరితిత్తులూ నార్మల్ అని వచ్చింది.

ఆ రిపోర్టులు ఇంకా నా బల్ల మీదుండగానే, ఆ ప్లాంటులో రొయ్యలు ఒలిచే ఒకావిడ క్లినిక్‌కి వచ్చింది. కొల్లేటి లంక గ్రామం ఆవిడది. మధ్యాహ్నం దాటితే ఛాతీ పట్టేస్తోందని, సెలవు రోజు మాత్రం హాయిగా ఉంటోందని చెప్పింది. రిపోర్టులో ఆవిడదీ నార్మలే. పరీక్ష ఎప్పుడు చేశారని అడిగాను. సెలవు మర్నాడు, పొద్దున్నే, పనిలోకి దిగకముందట.

"నా పేరు చెప్పకండమ్మా. పనిలోంచి తీసేస్తారండి," అంది.

చెప్పనని మాటిచ్చాను.

మర్నాడు వెళ్లి ఒలిచే హాల్లో నిలబడ్డాను. ఆడవాళ్లు బల్లల దగ్గర పనిచేస్తుంటే, వాళ్ల వెనకే ప్రెజర్ పైపుతో నేల కడుగుతున్నారు. పెంకుల నలుసు కలిసిన తుంపర హాలంతా కమ్ముకుంది. కాసేపటికే నాకూ గొంతు గరగరలాడింది.

సాయంత్రం మళ్లీ పరీక్షలు చేయించమని మేనేజరుని అడిగాను. ఆయన మర్యాదస్తుడు. టీ తెప్పించి, అలాగైతే పనివాళ్ల బస్సులు ఆలస్యమవుతాయని నచ్చజెప్పబోయాడు.

"పని ముగిశాక అందరిచేతా మళ్లీ ఊదించందే నేను సంతకం పెట్టనండి," అన్నాను.

"అయితే వేరే డాక్టరు గారిని చూసుకోవాల్సొస్తుందండి మరి."

"చూసుకోండి. వచ్చేవారికీ ఇదే చెప్పి వెళ్తాను."

నా మాట విన్నాక వేరే డాక్టర్లెవరూ సంతకానికి ఒప్పుకోలేదట. కొన్నాళ్లకు ఓనరే ఫోన్ చేసి సరేనన్నాడు. ఆ సాయంత్రం ఒలిచే హాల్లో ఒక్కరినీ వదలకుండా పరీక్షించాం. చాలామంది గొట్టంలోకి పూర్తిగా ఊదలేక మధ్యలోనే దగ్గారు. లంక గ్రామం ఆవిడా వాళ్లలో ఉంది.

నేను భయపడ్డట్టే, దగ్గేవాళ్లని మానిపించేద్దామన్నాడు ఓనరు.

"ఆ తుంపర పీలిస్తే కొత్తగా వచ్చేవాళ్లూ ఇలాగే దగ్గుతారండి. ముందు ఆ పైపు ఆపించండి," అన్నాను.

ఇప్పుడు ఆడవాళ్లు వెళ్లాకే నేల కడుగుతున్నారు. గాలి లాగే ఫ్యాన్ల కోసం మాత్రం నెలల తరబడి వెంటపడాల్సి వచ్చింది. ఎక్కువ ఇబ్బంది పడుతున్నవాళ్లని జీతం తగ్గించకుండా ప్యాకింగుకు మార్చారు. లంక గ్రామం ఆవిడ అక్కడే పనిచేస్తోంది. చలికాలంలో ఇంకా ఇన్‌హేలరు వాడాల్సి వస్తోంది.

మొన్న తాడేపల్లిగూడెం నుంచి ఒక రైసు మిల్లు వాళ్లు వచ్చి, తమకూ డాక్టరుగా ఉండమని అడిగారు. మిల్లు నడుస్తుండగా లోపలంతా తిరిగి చూడనిస్తేనే వస్తానని చెప్పాను.