సుజాత నాయన చెప్పిన మాట

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. నేను కాళ్ల మీద పడే రకం కాదు.

అనంతపురంలో, చెప్పుల అంగడి పైన రెండు గదుల్లో ఫ్రెంచి నేర్పుతాను. తమ భాష, తమ సంస్కృతి లోకమంతా పాకాలని ఫ్రాన్సువాళ్లు పుస్తకాలు పంపుతారు, గోడలకు అతికించే బొమ్మలు పంపుతారు, ఏడాదికోసారి ఒక మనిషినీ పంపుతారు. పద్నాలుగేళ్ల కిందట ఒక దొరసాని వచ్చింది. మా దగ్గర ఒక్కరికి వాళ్ల దేశంలో ఏడాది చదువు ఉచితం అంది. నా దగ్గర చదువుతూ, చిన్న తరగతికి పాఠం చెప్పే సుజాతను ఎంచింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. నా కన్నా బాగా మాట్లాడేది. అవును, నా కన్నా.

తండ్రిని అడగడానికి ధర్మవరం పోయాం. పెళ్లి మాటైనా, చదువు మాటైనా, ఆ ఇళ్లలో పెద్దలు మాట్లాడుకునేటప్పుడు పిల్ల ఎదుట కూర్చోదు. సుజాత లోపల కాఫీ కాస్తోంది. చుట్టూ మగ్గాల చప్పుడు. దొరసాని అడిగినదాన్ని నేను ఆయనకు తెలుగులో చెప్పాను. ఆయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చి మరీ అన్నాడు.

"పంపిస్తా సార్. ఈ చీర మగ్గం మీంచి దించినంక నేనే బెంగుళూరు దాకా వచ్చి ఇడిసిపెడతా."

ఆడపిల్లను అంత దూరం పంపడట అని దొరసానికి ఫ్రెంచిలో చెప్పాను.

ఎందుకు? ఆమె పోతే చిన్న తరగతికి పాఠం చెప్పేవాళ్లుండరని, సెంటరు మూతపడుతుందని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అప్పటికి పదహారేళ్లుగా ఆ భాష నేర్పుతున్న నన్ను వాళ్లు ఒక్కసారి రమ్మనలేదు. కడుపుమంట. అంతే. ఇంకో మాట కూడా అంటాను, దానికి సిగ్గుపడను. దొరసాని ఎందుకంత తేలిగ్గా నమ్మింది? ఆ తండ్రి ముఖం చూడలేదా? మగ్గం నేసేవాడు కూతుర్ని పంపడని ఆమె వచ్చేటప్పుడే అనుకొని వచ్చింది.

సుజాత కాఫీ తెచ్చింది. దొరసాని ఆమె చెయ్యి పట్టుకొని, మీ నాన్న ఒప్పుకోలేదమ్మా అని ఫ్రెంచిలో ఓదార్చింది. పక్కనే ఉన్న ఆయన, కూతుర్ని మెచ్చుకుంటున్నారనుకొని మురిసిపోయాడు. సుజాత ఆయన వైపు ఒక్క చూపు చూసి లోపలికి పోయింది.

గడప దాటుతుంటే నన్ను ఆపాడు.

"ఎప్పుడు పొయ్యేది సార్?"

"జాబు రాస్తారులే అన్నా."

తర్వాత, ఆ చదువు ఇంకెవరికో ఇచ్చేశారని ఆయనకు చెప్పాను. కూతురు నొచ్చుకుంటుందని ఆయన ఆ ఊసెత్తలేదు. కోపంతో ఆమె అడగలేదు. ఇప్పుడు నా సెంటర్లోనే పాఠం చెబుతోంది. "మా నాయన పంపల్యా" అని ఇప్పటికీ అంటుంది. ఆయనకు వండిపెడుతుంది, మందులిస్తుంది. మాట్లాడదు.

తిట్టుకోండి. మంచివాణ్ణి అనిపించుకోవడానికి రాయలేదు. రాశాక గుండె తేలికైంది. ఆ తేలిక నాకు తగదు, అయినా వదులుకోను. రేపు పొద్దున ఈ కాగితం ఆమె చేతికే ఇస్తాను. ముఖాన ఉమ్మినా సరే.

సుజాతా, మీ నాయన పంపిస్తానన్నాడు. వద్దన్నది నేను.