ఎడమ వెనక చక్రం దగ్గరి అతుకు

ఆ వైరుకు అతుకు వేసింది తండ్రా, కూతురా? ఇన్నేళ్లు గడిచినా తేలని ప్రశ్న అది. అడిగితే చెప్పేవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకరు చెప్పనే చెప్పారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అతన్ని అందరూ మీటరు మాస్టారు అనేవారు. నలభై ఏళ్లుగా కరెంటు కొలిచే మీటరు పట్టుకుని బండ్ల కరెంటు పని. షెడ్డు అప్పటికే కూతురి చేతికి వచ్చింది గాని, పని మాత్రం ఇద్దరూ చేసేవారు. అప్పటికి రెండేళ్లుగా అతని కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. అది మొదలైన రోజుల్లోనే కూతురి దగ్గర మాట తీసుకున్నాడు.

"నా చేత్తో ఒక్క పని చెడినా నా దగ్గర దాచకు. ఆ రోజే మీటరు కింద పెట్టేస్తాను."

"సరే నాన్నా," అందామె.

తర్వాత ఒకనాడు ఆ వ్యాను వచ్చింది. చక్రాల కుర్చీల్లో పిల్లల్ని బడికి తీసుకెళ్లే వ్యాను. దానికి ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు ఉంటాయి. పిల్లలు ఎక్కేటప్పుడు గాలి వదిలి వంగుతుంది, ఎక్కాక నింపుకుని లేస్తుంది. ఏ మూల ఎంత ఎత్తులో ఉందో ఆ చక్రం దగ్గరి సెన్సరు వైరు మీద కబురు పంపితే, లోపలి కంట్రోలు పెట్టె దాన్ని నమ్మి గాలి నింపడమో వదలడమో చేస్తుంది. ఇప్పుడేమో బయల్దేరిన కాసేపటికి ఎడమ వెనక మూల దానంతటదే కుంగిపోతోంది.

"నిన్న ఒక పాప కుర్చీ పక్కకి ఒరిగిపోయింది మాస్టారూ," అన్నాడు డ్రైవరు. "ఇంకోసారి ఇలా అయితే బండి తేవద్దన్నారు బడివాళ్లు."

మాస్టారు గాలి సంచి మీద సబ్బునీళ్లు పోశాడు. ఒక్క బుడగ లేదు. కంప్యూటరు తగిలిస్తే తప్పేమీ లేదంది. ఎడమ సెన్సరు కుడికీ, కుడిది ఎడమకీ మార్చాడు. అయినా ఎడమే కుంగింది. సరే, తప్పు వైరుదే అనుకుని బండిని లిఫ్టు మీద ఎత్తి కొలిస్తే, అంకెలన్నీ బుద్ధిమంతుల్లా ఉన్నచోటే ఉన్నాయి.

"డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే జ్వరంలా ఉంది దీని సంగతి," అని గొణుక్కున్నాడు.

రెండు రోజులు అలాగే పోయాయి. మూడోనాడు మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు. లిఫ్టు మీద చక్రాలు కిందికి వేలాడతాయి, వైరు సాగి తిన్నగా ఉంటుంది. నేల మీద బరువు పడితే కదా అది మడత పడేది.

బండిని షెడ్డులో కిందికి దిగి పనిచేసే గుంత మీదకి తెచ్చి, డ్రైవర్నీ పక్క టైర్ల దుకాణంలోని నలుగుర్నీ ఎక్కించాడు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు మాస్టారూ?" అన్నాడు ఆ నలుగురిలో ఒకడు.

"ఎక్కడికీ లేదు. కదలకుండా కూర్చోండి చాలు. మీకు బాగా వచ్చిన పనే గదా."

గుంతలోకి దిగి మీటరు పట్టాడు. రెండున్నర వోల్టుల దగ్గర నిలబడాల్సిన అంకె మూడుకి, మూడు దాటి ఇంకా పైకి పాకింది. మూల ఎత్తుగా ఉందని వైరు అబద్ధమాడుతోంది, పెట్టె నమ్మి గాలి వదిలేస్తోంది. కంప్యూటరుకి దొరికేంత పెద్ద అబద్ధం కాదది.

పైతొడుగు చీల్చి చూశాడు. లోపల ఎర్తు వైరుకు అతుకు. ముద్దగా పడిన టంకం, దాని మీద పచ్చటి చిలుము. చుట్టిన టేపు కొస మాత్రం చిన్న ముక్కోణంలా మడిచి ఉంది. రేపు విప్పేవాడి గోటికి దొరకాలని అలా మడవడం అతని అలవాటు. అతని దగ్గర నేర్చుకున్న కూతురిది కూడా.

పోయిన వానల్లో ఈ వ్యాను వెనక దీపాల పనికి వచ్చింది. ఆ దీపాల వైర్లూ ఈ చక్రం పక్కనుంచే పోతాయి. అంతవరకూ గుర్తుంది. దాని కిందికి దిగిందెవరు? తడిసిన రబ్బరు వాసన గుర్తుకొస్తున్నట్టే ఉంది. అది అప్పటిదో, ఇప్పుడు ముక్కుకు తగులుతున్నదో.

కూతుర్ని పిలిచాడు. ఆమె దిగివచ్చి అతుకు వంక చూసింది, తర్వాత అతని చేతి వంక చూసింది.

"నేనే వేశాను నాన్నా."

"కదిలేచోట అతుకు వెయ్యకూడదని నీకు తెలీదూ?"

"తొందరలో వేసేశాను. తిట్టు."

చిన్నప్పుడు పాలు ఒలకబోసి, పిల్లి మీదకి నెట్టి, మూడురోజులు వాదించిన పిల్ల. ఇప్పుడు అడగ్గానే తిట్టమంటోంది. ఆమె చెప్పింది నిజమే అయితే, కన్నకూతుర్ని ఊరికే అనుమానించినవాడవుతాడు. అబద్ధమైతే తన చెయ్యి చెడిందన్నమాట, ఆమె ఇచ్చిన మాటా పోయిందన్నమాట. ఏది నిజం కావాలని కోరుకోవాలో కూడా అతనికి తోచలేదు. అంత ముద్దగా టంకం తను జన్మలో పెట్టలేదు. కానీ వణికేది ఎవరి చెయ్యి?

అతుకు తీసేసి కొస నుంచి కొసకి కొత్త వైరు ఆమే వేసింది. అందరూ మళ్లీ ఎక్కినా బండి కుంగలేదు.

"మాస్టారి చెయ్యి పడితే ఇక తిరుగుండదు," అన్నాడు డ్రైవరు.

రోజూ సాయంత్రం అతను చేతులు కడిగి, మేకుకున్న చొక్కా దులిపి తొడుక్కుని, "వస్తానమ్మా" అని రెండు వీధుల అవతల ఉన్న తన గదికి వెళ్లేవాడు. ఆమె తలెత్తకుండానే "ఊ" అనేది. ఆరోజూ చొక్కా దులిపాడు. మీటరు వైర్లు చుట్టి బల్ల మీద తన పనిముట్ల వైపు పెట్టాడు. తీసి ఆమె వైపు పెట్టాడు. మళ్లీ తీసి, రెంటికీ మధ్యలో పెట్టాడు.

ఆమె వీపు ఇటే ఉంది. చేతిలో స్పానరు తిరగడం ఆగింది.

అతను చెప్పులు వేసుకుని గేటు దాకా నడిచి కాసేపు నిలబడ్డాడు. తర్వాత రోడ్డు మీదకి వెళ్లిపోయాడు.