ఎడమ కాలిమీద నెమలి

మా రైల్వే ఆఫీసులో మధ్యాహ్నం అన్నాలు తినే గదిలో ఒక టీవీ ఉండేది. రెండువేల సంవత్సరం దాటాక దానికి కేబుల్ కూడా పెట్టించారు. ఒకరోజు పెరుగన్నం కలుపుకుంటూ చూస్తే, ఎక్కడో చలిదేశంలో ఆడపిల్లలు మంచుమీద హాకీ ఆడుతున్నారు. గోల్‌కీపర్ పిల్ల చుట్టిపెట్టిన పరుపులా నిలబడి ఉంది. ఆ పిల్ల కాళ్లకున్న ప్యాడ్లు చూసి మా సెక్షన్లో ఒకాయన, "మేడమ్, మీరూ ఇట్లాంటివే కట్టుకునేవాళ్లా?" అని అడిగాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్న హాకీ గోల్‌కీపర్‌నని ఆయనకు తెలుసు. కాకపోతే మాది మంచు హాకీ కాదు, ఎర్రమట్టి హాకీ. "వీటికంటే ఖరీదైనవే కట్టుకున్నాను సార్. నా ప్యాడ్లలో పెళ్లికూతురి పట్టుచీర ఉండేది," అన్నాను. ఆయన నవ్వి మజ్జిగ తాగాడు. నేను అబద్ధం చెప్పే మనిషిని కాను.

తొంభైలలో సంగతి. ధర్మవరంలో మా ఇంట్లో పెద్ద గది మగ్గానిది, చిన్న గది మాది. గుంతలో కాళ్లు పెట్టుకుని నాయన పొద్దంతా నేస్తుండేవాడు. మగ్గం చప్పుడు ఆగితే మాకు నిద్రలో కూడా మెలకువ వచ్చేది. నేను స్కూల్లో హాకీలో చేరింది ఆటమీద ప్రేమతో కాదు, లెక్కల క్లాసు తప్పుతుందని. మా పీటీ సారు నన్ను మైదానం చుట్టూ ఒకసారి పరిగెత్తించి చూసి, "అమ్మా తల్లీ, నువ్వు ముందుకెట్లాగూ పోవు. పోయి ఆ గోల్‌లో నిలబడు," అన్నాడు. నిలబడ్డాను. అదేమి చిత్రమో, నిలబడిన చోట నాకు నచ్చింది. బంతి నామీదికి వస్తుంటే అందరూ నన్నే చూసేవాళ్లు. ఇంట్లో అందరూ చీరను చూసేవాళ్లే గానీ నన్నెవరు చూశారు?

వీధిలో మాత్రం హాకీ కట్టె పట్టుకుని నడవాలంటే గుండె గట్టిదై ఉండాలి. "ఏమే, పందుల్ని తోలేదానికి పోతాండావా?" అనేవాళ్లు అరుగుల మీద కూర్చున్నవాళ్లు. "అవునబ్బా, మీ ఇంటికే వస్తాండా," అనేదాన్ని. నా నోటికి మా అమ్మ భయపడేదే తప్ప బంతికి భయపడలేదు.

స్కూల్లో కట్టెలున్నాయి, బంతులున్నాయి, గోల్‌కీపర్ సామాను మాత్రం లేదు. పీటీ సారు తన స్కూటర్ హెల్మెట్ నా తలకు పెట్టి, తాను బోడితలతో స్కూటర్ నడిపేవాడు. కాళ్లకేమీ లేవు. ఒకరోజు మా అవ్వ నా పిక్కలు చూసి, "కాళ్లా ఇవి, నేరేడుపండ్లా?" అని నెత్తి కొట్టుకుంది. మా అవ్వ బొంతలు కుట్టడంలో మొనగత్తె. దొరికిన గుడ్డనల్లా కుట్టేసేది. కదలకుండా కూర్చుంటే మనల్ని కూడా కుట్టేస్తుందేమో అనిపించేది.

"ఒరేయ్, అటక మీద పాత అట్టలు ఉండాయి గదా, పిల్ల కాళ్లకి మెత్తలు కుడతా," అని నాయనను అడిగింది.

అట్టలంటే ఏమిటో చెప్పాలి. చీరలో పువ్వు ఎక్కడ రావాలో, నెమలి ఎక్కడ రావాలో మగ్గానికి చెప్పేది ఆ అట్టలే. బెత్తెడు వెడల్పు గట్టి అట్టముక్కలకు వరసగా చిల్లులు పొడిచి, దారంతో గొలుసులా కుట్టి, మగ్గం పైన తగిలిస్తారు. ఒక్కో పోగుకు ఒక్కో అట్ట. వరసలో నాలుగు అట్టలు పోయాయంటే పువ్వుకు రేకులుండవు, ఏనుగుకు తొండముండదు.

"తీసుకోమ్మా, మామిడిపిందెల డిజైను. అది ఇప్పుడెవురూ కట్టడంల్యా," అన్నాడు నాయన, మగ్గం ఆపకుండానే.

అటకమీద రెండు గోనెసంచులున్నాయి. ఒకదాంట్లో పాత మామిడిపిందెలు. రెండోదాంట్లో, అప్పుడు మగ్గం మీదున్న పెళ్లిచీరకు చివర్లో నేయాల్సిన కొంగు అట్టలు, సరికొత్త నెమలి డిజైనువి. చూపు ఆనని మా అవ్వ తెలివిగా ఆలోచించింది: ఏ సంచికి దుమ్ము ఎక్కువుంటే అది పాతది. మా ఇంట్లో దుమ్ముకు పాతా కొత్తా తేడా లేదని ఆవిడకు అరవై ఏళ్లొచ్చినా తెలియలేదు. అటక చివర, పెంకుల సందు కింద పెట్టిన నెమలి సంచిమీదే దుమ్మంతా రాలింది. అవ్వ ఆ అట్టలను దొంతర్లుగా పేర్చి, మా అమ్మ పాతచీరలో చుట్టి, దబ్బనంతో కుట్టి, నాడాలు పెట్టింది. కట్టుకుని నడిస్తే టపటపమని చప్పుడొచ్చేది. బంతి తగిలితే దెబ్బ తెలిసేది కాదు. అంత గొప్ప ప్యాడ్లు మా జిల్లాలో ఎవరికీ లేవు.

ఆ ఏడు పెనుకొండలో సెలక్షన్లు పెట్టారు. అందులో ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్. తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. నాయన ఒక్కటే మాట చెప్పాడు. "తీసుకుంటే పో. తీసుకోకపోతే ఆ కట్టె పొయ్యిలో పెట్టి, వచ్చి మగ్గం కాడ కూసో." కోపంతో అనలేదు. పదో తరగతి అయిన ఆడపిల్లకు మా వీధిలో ఉన్నవి ఆ రెండే దారులు, అందులో మొదటిది అప్పటిదాకా ఎవరూ తొక్కలేదు. నాకు ఆ గోల్ కావాలి. నా జన్మలో నేను అంతగా కోరుకున్నది ఇంకొకటి లేదు.

పెనుకొండలో కొండ కింది మైదానంలో మాకు హిందూపురం జట్టుతో ఆట పడింది. వాళ్లకు బూట్లున్నాయి. మాకు పీటీ సారు హెల్మెట్ ఉంది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ తాటిచెట్టంత పొడుగు, వెనకనుంచి వాళ్ల పిల్లలు కన్నడంలో "హొడి! హొడి!" అని అరుస్తుంటే, అంటే కొట్టు కొట్టు అని, ఆ పిల్ల నిజంగానే కొట్టేది. సెలక్షన్ సార్లు ముగ్గురు షామియానా కింద కూర్చుని బొరుగులు తింటూ చూస్తున్నారు. నేను రెండు కాళ్లతో వచ్చినదాన్నల్లా ఆపుతున్నాను.

ఇంతలో గోల్ వెనకనుంచి ఒక కేక. "విప్పవే! అవి విప్పు!"

తిరిగి చూస్తే నాయన. లుంగీ ఎగ్గట్టుకుని, చొక్కా నిండా పట్టుపోగులతో, వల పట్టుకుని రొప్పుతున్నాడు. పొద్దున కొంగు నేద్దామని సంచి విప్పితే మామిడిపిందెలు బయటపడ్డాయట. అవ్వను అడిగి, దొరికిన బస్సెక్కి వచ్చేశాడు.

"ఏం విప్పాల నాయనా?"

"నీ కాళ్లకుండేది పాత అట్టలు కాదే! పెళ్లిచీర కొంగు! ఈ వారమే ఇయ్యాల!"

"హొడి!" అన్నారు హిందూపురం పిల్లలు. పొడుగు పిల్ల కొట్టింది. నేను కాలు అడ్డం పెట్టాను. ప్యాడ్ టప్‌మంది. నాయన తననే కొట్టినట్టు "అమ్మా!" అన్నాడు.

విరామంలో నన్ను కింద కూర్చోబెట్టి, పంటితో కుట్టు కొరికి, అట్టలమీది అంకెలు చూశాడు. పీటీ సారు పరిగెత్తుకొచ్చి, "ఏమప్పా, ఆట అయిపోనీ, తర్వాత తీసుకుందువు," అని బతిమాలాడు.

"ఆట అయిపోయే లోపల నెమలి అయిపోతాది సార్," అన్నాడు నాయన. ఇంకోసారి చూశాడు. "కుడికాలిది తీగల వరస. అది పోతే ఎట్లోకట్ల సర్దుకుంటా. ఎడమ కాల్లో నెమలి ఉండాది. మెడ, తల, తురాయి అంతా ఆడే. పాపా, కుడికాలితోనే ఆపు. ఎడమది తగలనిస్తే సూడు!"

ప్రపంచంలో ఏ గోల్‌కీపర్‌కూ అట్లాంటి ఆజ్ఞ వచ్చి ఉండదు. రెండో సగమంతా నేను కుడికాలు ముందుకు చాచి, ఎడమకాలు వెనక దాచుకుని, కొంగలా ఆడాను. ఎడమవైపు బంతి వస్తే ఒళ్లంతా మెలిదిప్పి కుడికాలు తెచ్చేదాన్ని. ఒకసారి బోర్లా పడ్డాను. ఒకసారి బంతిమీద కూర్చున్నాను. వెనకనుంచి నాయన, "ఎడమది! ఎడమది లోపలికి తీసుకో! నెమలే!" అని ఒకటే అరుపు. మా జట్టు పిల్లలు నవ్వాపుకోలేక ఆట మరచిపోయారు. పుణ్యానికి గోల్ మాత్రం పడలేదు. మేం ఒక గోల్ ముందున్నాం.

అప్పుడు పీటీ సారు మొహం వేలాడేసుకుని గోల్ వెనక్కి వచ్చాడు. "పాపా, సార్లు నీ ఎడమకాలు అవిటిదనుకుంటాండారు. అవిటి కాలుండే పిల్లని హాస్టల్‌కి తీసుకోలేమంటాండారు. ఆ కాలితో ఒక్కసారన్నా ఆపి చూపించకపోతే నీ పని అయిపోయినట్లే," అన్నాడు.

నేను నాయనవైపు చూడలేదు, చూడలేకపోయాను. చీర సకాలానికి ఇవ్వకపోతే, పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు మళ్లీ పని ఇవ్వడని నాకు తెలుసు. కాలు కదిపితే నాయన మగ్గం ఆగుతుంది. కదపకపోతే నేను అదే మగ్గం దగ్గర కూర్చుంటాను. వెనక అరుపులు ఆగిపోయాయి.

వాళ్లకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. గీత దగ్గరినుంచి బంతి తోశారు, పొడుగు పిల్ల అందుకుంది, కట్టె ఎత్తింది. బంతి సరిగ్గా నా ఎడమవైపే బయలుదేరింది.

"పెట్టవే!" అని నాయన గొంతు చించుకున్నాడు. "ఎడమ కాలు పెట్టు!"

పెట్టాను. ఫటేల్‌మని లోపల ఏదో విరిగిన చప్పుడు నాకే కాదు, షామియానా దాకా వినబడింది. బంతి తిరిగి ముందుకు పోయింది. నేను మాత్రం బుద్ధిలేనిదానిలా వెనక్కి తిరిగి, "నాయనా, మెడ పోయిందా?" అన్నాను.

"మెడ పోతే పోయింది, బాల్ వస్తాంది, ముందుకు సూడే!"

తిరిగి చూసేసరికి బంతి మళ్లీ వచ్చింది. మళ్లీ ఎడమకాలే పెట్టాను. తర్వాత ఈల ఊదారు. నాయన వల కింద కూర్చుని తుండుతో మొహం తుడుచుకుంటున్నాడు. చెమటో ఏమో నేనడగలేదు.

నన్ను తీసుకున్నారు. నెమలి మెడ అట్టలు నిజంగానే విరిగాయి. నాయన ఉన్నవాటిని అతికించి, లేనివాటికి రాత్రింబగళ్లు కూర్చుని చేత్తో చిల్లులు పొడిచి, చీర ఆ వారంలోనే మగ్గం మీంచి దించాడు. నెమలి మెడ మాత్రం కొంచెం వంగింది. సావుకారు కళ్లద్దాలు పైకి జరిపి, "ఏమప్పా, నీ నెమలి సిగ్గుపడతాందే?" అన్నాడు.

"పెండ్లిచీర గదన్నా, సిగ్గుపడాల్సిందే," అన్నాడు నాయన. సావుకారు ఆ మాటనే హిందూపురం పెళ్లివాళ్లకు చెప్పి చీర అమ్మేశాడు. వాళ్ల బంధువులు వచ్చి, మాకూ సిగ్గుపడే నెమలే కావాలని అడిగారట. అది మళ్లీ నేయడం నాయనకు రాలేదు.

హాస్టల్లో చేర్చడానికి నాయనే వచ్చాడు. మొదటిరోజే అక్కడి కోచ్ నాకు నిజమైన ప్యాడ్లు ఇచ్చాడు. బరువైనవి, తెల్లవి, నా నడుముదాకా వచ్చినవి. కట్టుకుని గోల్‌లో నిలబడితే, బంతి ఎడమవైపు రాగానే నా కాలు దానంతటది వెనక్కిపోయింది. గోల్. మళ్లీ కొట్టారు, మళ్లీ గోల్. కోచ్ నావైపు వింతగా చూశాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

గట్టుమీద నిలబడ్డ నాయన చెప్పులు విడిచి మైదానంలోకి వచ్చాడు. నా ముందు గొంతుక్కూర్చుని, ఎడమకాలి ప్యాడ్‌ను చీర నేత చూసినట్టు బొటనవేలితో నొక్కి చూశాడు.

"వీటిని మళ్లా ఎవురన్నా అడుగుతారా సార్?" అని కోచ్‌ను అడిగాడు.

"ఎవరడుగుతారు? ఆ అమ్మాయివే," అన్నాడు కోచ్.

నాయన లేచి, చేతులు దులుపుకుని, నా హెల్మెట్ మీద చిన్నగా తట్టాడు.

"ఇంగ రెండు కాళ్లూ పెట్టుకో పాపా," అని చెప్పి, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.