ఎనిడ్ వంతు

మా గుల్బర్రా ఊళ్ళో క్లారీ డన్‌స్టన్ ఎవరో తెలియనివాడు ఉన్నాడంటే వాడు నిన్నో మొన్నో బస్సు దిగినవాడై ఉండాలి. ఒకే ఒక్క టీచరున్న బడిలో నాలుగక్షరాలు నేర్చి, కౌన్సిలు వాళ్ళ మట్టిరోడ్లు చదునుచేసే బండి నడుపుతూ బతుకంతా గడిపిన మనిషి. అయితేనేం? ఈ చుట్టుపక్కల మొట్టమొదటి వేధశాల కట్టింది ఆయనే. ఉన్ని కత్తిరించే షెడ్డులో రెండు చలికాలాలు కూర్చుని, దళసరి గాజుబిళ్ళని గరుకుపొడితో రుద్ది రుద్ది టెలిస్కోపుకి అద్దం చేసిందీ ఆయనే. పాడుబడ్డ గోధుమ గాదె మూత దింపించి, గుండ్రంగా తిరిగే కప్పుగా బిగించిందీ ఆయనే. వెలుతురు చుక్కల్ని మింగేస్తోందని కౌన్సిలుతో తగువుపడి వీధిదీపాలన్నిటికీ టోపీలు పెట్టించిందీ ఆయనే. రాజధాని కాన్‌బెర్రా నుంచి పతకం వస్తే, అదీ ఊరందరి పతకమేనన్నాడు. ఆ కట్టడాన్ని మేము చుక్కలమేడ అంటాం.

నెలకోసారి, వెన్నెల లేని శనివారం, చుక్కలమేడ జనానికి తెరుస్తారు. తెరిచినప్పుడల్లా క్లారీ భార్య ఎనిడ్ పక్కనున్న రేకుల గదిలో టీ కాచి, వెన్న రాసిన స్కోన్ రొట్టెలు పళ్ళేల్లో సర్దేది. క్లారీ పెట్టిన నియమం ఒకటి ఉండేది. చూడవచ్చిన జనం ముందు, చుక్కలమేడ నడిపే మా సంఘంవాళ్ళు ఆ తర్వాత, సంఘంవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఆఖర్న. ఆ ఆఖరు వంతు వచ్చేసరికి మబ్బు పట్టేది, లేదా అద్దం మీద మంచు కూర్చునేది, అదీ కాకపోతే ఎనిడ్ కప్పులు కడుగుతూ ఉండేది.

"మన టెలిస్కోపేగా, ఎప్పుడైనా చూడొచ్చులే" అనేవాడు క్లారీ.

"ఎక్కడికి పోతుందిలే" అనేది ఎనిడ్.

సొంత పెళ్ళాన్ని కూడా ముందుకి రానివ్వడని పక్క ఊళ్ళలో ఆయన్ని మెచ్చుకునేవారు. మేమూ గొప్పగా చెప్పుకున్నాం.

ఒక ఎండాకాలం చివర, అంటే మా దేశంలో మార్చి మొదట్లో, చర్చిలో పాటల పుస్తకం పట్టుకుంటే ఎనిడ్‌కి మాటల నడుమ చిల్లులు కనబడ్డాయి. చూపు నడిమధ్యన మచ్చ పడిందని డబ్బో పట్నంలో కంటి డాక్టరు చెప్పాడు. కుడికన్ను పని అయిపోయింది, ఎడమది మెల్లగా అదే దారిన పోతుంది, చుట్టూ అంచు మాత్రం మిగులుతుందన్నాడు. తిరుగుదారిలో బండి నడుపుతుంటే క్లారీకి ఒక సంగతి తట్టింది. ఊళ్ళకి ఊళ్ళకే శనిగ్రహాన్ని చూపించాడు గానీ, పక్కన కూర్చున్న ఈ మనిషికి చూపించలేదు.

ఆ రోజుల్లో శని తెల్లవారుజామున తూర్పుదిక్కున, నేలకి కాస్త పైన వచ్చేది. అంత కిందనున్న గ్రహం టెలిస్కోపులో కుదురుగా ఉండదు, గిన్నెలో నీళ్ళలా ఉడుకుతుంది. ఇన్నేళ్ళకి చూపిస్తూ అలాంటిదా చూపించడం? సాయంత్రాలు నడినెత్తికి ఎక్కనీ, దాని చుట్టూ ఉన్న ఉంగరం కత్తితో కోసినట్టు కనబడాలి అనుకున్నాడు. పనితనం తెలిసిన మనిషి కదా, ఆగాడు.

జులై వచ్చింది. మాకది చలికాలం, చుక్కలమేడ తెరిచే శనివారం ఆరింటికే చీకటి పడింది. గాలి లేదు, మబ్బు లేదు, శని కాస్త పైకెక్కి నిలకడగా ఉంది. జనం గుమ్మం దాకా వరుసకట్టారు. క్లారీ లోపల్నుంచి కేకేశాడు.

"ఎనీ! ఇలా రా. ఇవాళ ముందు నువ్వే."

ఎర్రదీపం పట్టుకుని వరుస చూసే నెవ్ ప్రింగిల్ సంఘంవాడే, ఆయనకి చిన్ననాటి నేస్తం. వాడు ఊరుకుంటాడా?

"ఒరే క్లారీ, మా అత్తగారిని చలిలో ఆఖర్న నిలబెట్టించావు కదరా! ఆవిడ తిట్టిన తిట్లు నేనింకా తింటున్నాను."

"నోరు మూసుకుని దీపం పట్టరా."

రేకుల గది గుమ్మంలోంచి ఎనిడ్ అంది, "నీళ్ళు మరుగుతున్నాయి. వచ్చినవాళ్ళని చూడనీ."

"మరిగితే మరగనీ, రా."

"ఇవాళేమొచ్చింది ముసలోడా నీకు? పెళ్ళినాడు నన్ను చర్చి మెట్లమీద వదిలేసి ఎవడిదో ఇంజను చూడబోయినవాడివి!"

వరుసంతా గొల్లుమంది. ఎనిడ్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. క్లారీ మోచెయ్యి పట్టి నిచ్చెన రెండు మెట్లు ఎక్కించాడు. ఆవిడ ఎడమకన్ను గొట్టానికి ఆనించింది.

"కనబడిందా?"

"చీకటిగా ఉంది. అంచున ఏదో కాస్త వెలుతురు."

"నేరుగా చూడకు. పక్కకి చూడు." మసక చుక్కల్ని పట్టుకోవడానికి అందరికీ ఆయన చెప్పే కిటుకే అది.

"పక్కకే చూస్తున్నానయ్యా. ఎండాకాలం నుంచీ అన్నిటినీ పక్కకే చూస్తున్నా. నీ మొహం కూడా."

క్లారీ గొట్టం చివరనున్న కంటిబిళ్ళ తీసి పెద్దది పెట్టాడు. తర్వాత చిన్నది పెట్టాడు. బొమ్మని తేటపరిచే మర ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఆ, పచ్చగా ఏదో ఉంది. వెన్నముద్ద కరిగినట్టు. ఉంగరమేదీ?"

"ఉంది ఎనీ. అక్కడే ఉంది."

"ఉండే ఉంటుంది. లేదన్నానా?" కన్ను తియ్యకుండానే నెమ్మదిగా అడిగింది. "మార్చిలో చూసుంటే కనబడేదేమో కదా?"

"అప్పుడది ఉడుకుతూ ఉండేది."

"ఉడుకుతున్నదే చూసేదాన్నిగా."

క్లారీ మర వదిలేశాడు. వరుసలో ఎవరో దగ్గారు. ఎనిడ్ తడుముకుంటూ దిగి, పక్కకి జరిగి నిలబడింది. పార్క్స్ ఊరి నుంచి వచ్చిన ఒకావిడ నిచ్చెన ఎక్కి కన్ను పెట్టింది.

"అమ్మ బాబోయ్! నిజంగా ఉంగరమే!"

ఎనిడ్ ఆ గొంతు వైపు మొహం తిప్పింది. "ఏ పక్కకి వాలిందమ్మా?"

"ఎడమకి, కొంచెం. టోపీ అంచులా ఉందండీ."

"గ్రహానికి అతుక్కుని ఉందా, మధ్యలో ఖాళీ ఉందా?"

"ఖాళీ ఉంది. నల్లగా, సన్నగా."

"సన్నగా అంటే ఎంత? తాపీగా చూసి చెప్పమ్మా, తొందరేం లేదు."

ఆవిడ మళ్ళీ కన్ను పెట్టింది. క్లారీ నిచ్చెన కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఖాళీ సంగతి ఆయనకంటే బాగా చెప్పగలవాడు మా చుట్టుపక్కల ఎక్కడా లేడు. ఎనిడ్ ఆయన్ని అడగలేదు.