అవునంటే లేదని

మొన్న మోకాళ్ళ నొప్పులకని కోదాడ నుంచి సూర్యాపేట వెళ్ళి ఒక ఆసుపత్రిలో నా వంతు కోసం కూర్చుని ఉంటే, ఎదురుగా బల్ల దగ్గర ఒక చిన్న సిస్టరు సెల్‌ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేత్తో సెలైను సీసా సర్దుతూ, ఎవరో పెద్ద డాక్టరుతో గలగలా ఇంగ్లీషులో మాట్లాడేస్తోంది. మధ్యలో నవ్వింది కూడా. చూడటానికి ముచ్చటేసింది గానీ, ఆ వెంటనే పాత భయం ఒకటి గుర్తొచ్చింది. ఫోనులో డాక్టరుతో ఇంగ్లీషు మాట్లాడుతూ నవ్వడమనేది మా రోజుల్లో మేం ఎరగని సంగతి. నా ఈడువాళ్ళు, తెలుగు మీడియంలో చదివి ఉద్యోగాల్లో పడ్డవాళ్ళు మీలో ఉంటే, ఆ భయం ఎలాంటిదో నేను వేరే చెప్పనక్కర్లేదు.

మాది కోదాడ పక్కన అనంతగిరి. బళ్ళో ఇంగ్లీషంటే పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టడమే. నర్సింగు చదువులో మందుల పేర్లూ జబ్బుల పేర్లూ నోటికి వచ్చాయి గానీ, వాటిని కలిపి ఒక వాక్యం చెప్పమంటే నాలుక మడతపడేది. సూర్యాపేటలో హైవే పక్కనున్న ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో నా తెలుగుకే నవ్వేవాళ్ళు. కోదాడ వైపు మాటకు ఆంధ్రా గాలి తగిలి కాస్త సాగుతుంది కదా, నేను "ఉంటుందండీ" అని దీర్ఘం తీస్తే మా పెద్ద సిస్టరు "ఉంటదా, ఉండదా? జర జల్ది చెప్పు బిడ్డా" అని ఆటపట్టించేది. మంచి మనిషి, చేతిపని అంతా నాకు నేర్పింది ఆవిడే. కానీ ఫోను మోగితే మాత్రం ఆవిడకు ఎక్కడ లేని పనులూ గుర్తొచ్చేవి.

ఎందుకంటే, వారానికి ఒకరోజు హైదరాబాదు నుంచి మా దగ్గరికి ఒక సర్జన్ గారు వచ్చేవారు. చిన్నప్పటి నుంచీ పరాయి దేశంలో పెరిగి, అక్కడే చదువుకుని వచ్చిన మనిషి. తెలుగూ రాదు, హిందీ రాదు. మిగతా రోజుల్లో రోగుల సంగతి మేమే ఫోనులో చెప్పాలి. ఆయన ఊపిరి తీసుకోకుండా అడిగేవారు, అర్థం కాకపోతే మళ్ళీ అడగడానికి మాకు గుండెలు చాలేవి కావు.

ఒక ఎండాకాలం పొద్దున మిర్యాలగూడ నుంచి ఒక హమాలీని తెచ్చారు. రైసుమిల్లులో బస్తాల మీద నుంచి జారి పడితే, పైనున్న బస్తా కూడా వచ్చి పొత్తికడుపు మీద పడిందట. మా ఆసుపత్రి డాక్టరు గారు చూసి, ఎముకలేవీ విరగలేదని చెప్పి, సెలైను పెట్టించి, సర్జన్ గారికి ఫోనులో వివరం చెప్పారు. ఇంతలో సాగర్‌లో ఆయన దగ్గరి బంధువు పోయారని కబురొచ్చింది. జాగ్రత్తగా కనిపెట్టి చూస్తుండమని మాకు చెప్పి ఆయన వెళ్ళిపోయారు. సెల్‌ఫోనులు లేని కాలం, ఆయన గడప దాటాక ఇక అందరు.

మధ్యాహ్నమయ్యేసరికి ఆ మనిషి ముఖం రంగు మారింది. మూలుగు కూడా తగ్గింది, దానికే నాకు ఎక్కువ భయమేసింది. అతని భార్య నా చెయ్యి పట్టి లాగింది. "సిస్టరమ్మా, పడ్డకాడి సంది ఒంటికి పోలే. కడుపు సూడు, రాయి లెక్కయింది." చెయ్యి వేసి చూస్తే నిజంగానే గట్టిగా ఉంది.

అప్పుడే ఫోను మోగింది, సర్జన్ గారే. పెద్ద సిస్టరు డ్రెస్సింగు గదిలోకి వెళ్ళిపోయింది. నేను నాడి చెప్పాను, బీపీ చెప్పాను. ఆయన అడిగారు: "హీ హాజ్ నాట్ పాస్డ్ యూరిన్?"

"ఎస్ సార్" అన్నాను.

"గుడ్. కీప్ వాచింగ్" అని పెట్టేశారు.

రిసీవరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గుడ్ ఏమిటి? అందులో మంచేముంది? అన్నం తినలేదా అని ఎవరైనా అడిగితే మనం అవును, తినలేదు అంటాం. అడిగిన మాటకు అవును అంటాం. ఆయనకు నా "ఎస్" ఇంకోలా వినపడిందేమో, అంటే మూత్రం పోశాడనుకున్నారేమో!

మళ్ళీ ఫోను చేస్తానంటే పెద్ద సిస్టరు అడ్డుపడింది. "గుడ్ అన్నడు గద, మల్ల చేస్తే తిడ్తడు. మన డాక్టరు సారు రానీ, చెప్దాం."

"ఎందుకు గుడ్ అన్నాడో చెప్పక్కా" అన్నాను.

నంబరు తిప్పితే ఎంగేజ్. మళ్ళీ తిప్పితే మళ్ళీ ఎంగేజ్. ఈలోగా బీపీ చూసొచ్చాను, దిగుతోంది. చివరికి లైను కలిస్తే అవతల ఎవరో అమ్మాయి, సార్ ఆపరేషను గదిలోకి వెళుతున్నారని ఏదో గబగబా చెప్పింది. నేను "ప్లీజ్, ప్లీజ్" అన్న ఒక్క మాటే అంటూ ఉండిపోయాను. ఆయన లైనులోకి వచ్చేలోపు మనసులో తెలుగులో వాక్యం కట్టుకున్నాను. ఇంగ్లీషులోకి తిప్పబోతే తోకలన్నీ ఊడిపోయాయి, ముక్కలు మిగిలాయి. ఆ ముక్కలే చెప్పాను.

"సార్, నో యూరిన్. ఫ్రమ్ మార్నింగ్, నో యూరిన్. నాట్ వన్ డ్రాప్. స్టమక్ హార్డ్. బీపీ ఫాలింగ్."

అవతలి నుంచి కోపంగా, "యూ సెడ్ ఎస్!"

"ఎస్ సార్. ఎస్, నో యూరిన్."

అవతల ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినపడింది. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. కానీ ఆ తర్వాత వచ్చిన గొంతు వేరే. ఒక్కొక్క ప్రశ్నా విడదీసి, నెమ్మదిగా అడిగారు. నేను జీవితంలో మొదటిసారి "ప్లీజ్ రిపీట్ సార్" అన్నాను. ఆయన చెప్పిన ప్రతి మాటా తిరిగి ఆయనకే అప్పజెప్పాను. రోగిని వెంటనే హైదరాబాదుకు బయల్దేరదీయమన్నారు.

వ్యానులో నేనే వెంట వెళ్ళాను. అతని భార్య మొగుడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నార్కట్‌పల్లి దాటాక "ఏమన్నడు బిడ్డా ఆ సారు? బతుకుతడా?" అని అడిగింది. ఇంగ్లీషుకు అంత తడబడిన నాకు, ఆ క్షణాన తెలుగు కూడా రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, మన కోసమే ఎదురుచూస్తున్నారని మాత్రం చెప్పగలిగాను.

మూత్రాశయం చిట్లింది. ఆపరేషను చేశారు, మనిషి దక్కాడు. మళ్ళీ బస్తా ఎత్తలేదు గానీ అదే మిల్లులో గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారని తర్వాత విన్నాను. సర్జన్ గారు ఆ మరుసటి వారం వచ్చినప్పుడు నన్ను మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. టీ తాగుతూ, తెలుగులో "అవును" ఎప్పుడంటారు, "లేదు" ఎప్పుడంటారు అని చాలాసేపు అడిగి తెలుసుకున్నారు. అప్పటి నుంచి ఫోనులో ఏది అడిగినా, అయ్యిందా, కాలేదా అని రెండూ కలిపి అడిగేవారు. నేనూ ఉత్త "ఎస్" అని ఎన్నడూ ఆగలేదు. నా ఇంగ్లీషు చివరిదాకా ముక్కల ఇంగ్లీషే. అయినా ఆయన ఫోను చేస్తే, నన్నే పిలవమనేవారు.

ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు. రిపోర్టు ఫోటో తీసి పంపుతారు, అవతలి నుంచి ఒక బొటనవేలి బొమ్మ వస్తుంది, పని అయిపోతుంది. ఫోను పెట్టేశాక ఆ చిన్న సిస్టరు చేసిందీ అదే. మంచిదే, ఆ మధ్యాహ్నం లాంటిది ఇంకెవరికీ రావద్దనే కోరుకుంటాను. కానీ ఆ చిన్న సిస్టరుకు వచ్చే ఆ బొమ్మలో అవతలి మనిషి ఊపిరి వినపడదు కదా, ఆయనకు అర్థమయిందో లేదో ఆమె దేన్నిబట్టి పోల్చుకుంటుందో అని, నా పేరు పిలిచేదాకా అక్కడే కూర్చుని అనుకుంటూ ఉన్నాను.