చీపురుపుల్ల కొలత

మా ఇంట్లో చెప్పులు కొనాలంటే కొలత చీపురుపుల్లే. నాయన మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల లాగి, మన కాలి పక్కన పెట్టి, మడమ నుంచి వేలి కొస దాకా చూసి, మిగిలింది పుటుక్కున తుంచేసేవాడు. ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకుని లారీ ఎక్కేవాడు. బంగారుపాళ్యం తోటల నుంచి మద్రాసుకు మామిడికాయల లోడు తోలడం ఆయన పని. తిరిగొచ్చేటప్పుడు పుల్ల కొలతకు చెప్పులు, దారప్పోగు కొలతకు గాజులు తెచ్చేవాడు. ఏనాడూ బిగుతు కాలేదు, వదులు కాలేదు. "మనిషితో పనేముండాదబ్బా, నాకు పుల్లముక్క సాలు" అని తోటి డ్రైవర్ల దగ్గర గొప్పలు పోయేవాడు.

అలాంటి మనిషి కొలత జన్మలో ఒక్కసారి తప్పింది. అది నా కాళ్ల మీదే తప్పాలా! ఆ దేవుడికి కళ్లున్నాయా లేవా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. నాకప్పుడు పదహారేళ్లు. చిత్తూరు దగ్గర మా పల్లె నుంచి బడికి బస్సు తప్పిపోతే పరుగే దిక్కు. చెప్పులు తెగితే నాయన ఏమంటాడోనని వాటిని చేత్తో పట్టుకుని పరుగెత్తేదాన్ని. అలా వస్తుంటే మా డ్రిల్లు టీచరు గేటు దగ్గర చూసింది. మరుసటి రోజు నుంచి పొద్దున్నే నన్ను మైదానంలో పరుగెత్తించడం మొదలుపెట్టింది. తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆటల కోటా కింద ఒకే ఒక్క సీటు ఉందట. చిత్తూరులో జరిగే పదిహేనువందల మీటర్ల పందెంలో మొదటొచ్చిన పిల్లకే అది. హాస్టలు, తిండి, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు. రెండోదానికి చప్పట్లు.

సీటు రాకపోతే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మ జ్యూసు ఫ్యాక్టరీలో మామిడికాయలు కోసేది. సొన పడి ఆమె వేళ్లు ఎప్పుడూ పొక్కిపోయి ఉండేవి. అన్నం కలుపుకోవాలంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. సీటు రాకపోతే ఆమె పక్కన ఇంకో కత్తిపీట నాది.

పొద్దున పరుగెత్తి వస్తే అరికాళ్లనిండా ముళ్లు. నాయన ఇంట్లో ఉన్న రోజుల్లో నా కాలు ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో తీసేవాడు. తీసేటప్పుడు నాకంటే ఆయనే ఎక్కువ "అబ్బా, అబ్బా" అనేవాడు. ఒకరోజు తీస్తూ తీస్తూనే పుల్ల పెట్టి కొలత తీసుకున్నాడు. నేను చెప్పులకేమో అనుకున్నాను.

మద్రాసు నుంచి అట్టపెట్టె తెచ్చాడు. అందులో తెల్లటి బూట్లు. అడుగు రెండు వేళ్ల మందం, మడమ దగ్గర ఇంకా లావు. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ లేచేది.

"పరుగుబూట్లు పాపా! ఫారిన్ సరుకు. నొక్కి సూడు, ఇడ్లీ మాదిరి ఉండాది. ఇంక ముల్లు దిగదు, రాయి గుచ్చుకోదు."

మంచం మీద కూర్చుని తొడిగి చూశాను. పొడవు సరిగ్గా సరిపోయింది. ఎంత సుఖమో! నా కాళ్లు అంతకు ముందెన్నడూ అంత మెత్తదనం ఎరగవు. లేచి నిలబడబోతే నాయన అరిచాడు. "వద్దు వద్దు! మట్టి అంటితే కొత్త పోతాది. పందెం దినమే వెయ్యాల." ఆ మాట అని బూటు అంచున ఇంత పసుపు రాసి, పెట్టెలో పెట్టి అటక ఎక్కించాడు. కొత్త వస్తువుకు పసుపు పెట్టి మంచిరోజు దాకా దాచడం మా ఇళ్లల్లో అలవాటే. తప్పని ఎవరికి తోస్తుంది? పందెం దాకా రోజూ అటక వైపు చూసి మురిసిపోయాను. నక్కను తొక్కి వచ్చాననుకున్నాను.

పందెం రోజు నాయన ఇద్దరు డ్రైవర్లను వెంటబెట్టుకుని వచ్చాడు. నా ముందు గొంతుక్కూర్చుని తానే బూట్లు తొడిగి లేసులు కట్టాడు. లోడు మీద పట్టా కప్పి బిగించే ముడి అది. "తిరపతి దాకా ఊడదు పో" అన్నాడు నవ్వుతూ.

టీచరు చూసి దగ్గరికొచ్చింది. "ఇవి ఎప్పుడన్నా ఏసుకుని పరుగెత్తినావా?"

"లేదు టీచర్."

ఆమె మొహం పాలిపోయింది. "విప్పేయ్. ఉత్తకాళ్లతో పరుగెత్తు."

తాడు అవతల నాయన డ్రైవర్లకు నా కాళ్లు చూపించి ఏదో చెబుతున్నాడు. నేను వంగి ముడి లాగాను. గోరు విరిగింది గాని ముడి కదల్లేదు. ఇంతలో గీత మీదికి రమ్మని పిలుపు, వెంటనే విజిలు.

నాలుగు అడుగులు వేయగానే అర్థమైంది నా బతుకేమిటో. కూర్చున్న కాలు వేరు, పరుగెత్తే కాలు వేరు. చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తిన కాలు ఒంటి బరువంతా మోపితే విసనకర్రలా విచ్చుకుంటుంది. చీపురుపుల్ల పొడవు చెప్పింది, వెడల్పు ఎక్కడ చెప్పింది? చిటికెనవేలు ముడుచుకుపోయి మంట. మడమేమో లోపల జారుతోంది. అంతకంటే దారుణం ఆ మెత్తదనం. కాలు మోపితే దిగిపోతుంది, దాన్ని మళ్లీ పైకి లాక్కోవాలి. నేల నన్ను ముందుకు తోసేది ఇదివరకు. ఇప్పుడు నేనిచ్చిన బలమంతా ఆ దూదిలోనే ఇంకిపోతోంది. ఎక్కడ గులకరాళ్లున్నాయో, ఎక్కడ గట్టినేలో కాలికి తెలియడం లేదు. మలుపు తిరిగిన ప్రతిసారీ చీలమండ ఊగుతోంది. సగం పందేనికే నా తల ప్రాణం తోకకొచ్చింది.

అయినా వదల్లేదు. అమ్మ చేతులు గుర్తొచ్చి పళ్లు బిగబట్టి పరుగెత్తాను. చివరి మలుపులో పుంగనూరు వైపు పిల్లొకతి నన్ను దాటింది. ఉత్తకాళ్లు. చెయ్యి చాస్తే జడ అందేంత దూరంలో ముందుండి గీత దాటింది. నేను రెండోదాన్ని.

నాయన పరుగున వచ్చాడు. "పోనీలే పాపా. బూట్లు ఉండబట్టి రెండోదన్నా వచ్చినావు. ఉత్తకాళ్లయితే అది కూడా లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ బూట్లే నాయనా నా కొంప ముంచినాయి! కాలు పట్టవు, నేల తగలదు. ఎవరు తెమ్మన్నారు నిన్ను? పుల్ల కొలతంట, పుల్ల కొలత!"

డ్రైవర్లిద్దరూ తల దించుకున్నారు. నాయన కత్తి అడిగి తెచ్చి తాను కట్టిన ముడిని తానే కోశాడు. బూటు లాగితే చిటికెనవేలి తోలు దానితోనే వచ్చింది.

మర్నాడు తెల్లవారి వాకిట్లోకి వచ్చేసరికి నాయన ఆ బూట్ల ముందు భాగం కోసేసి, తన వేళ్లు బయటికి పెట్టి తొడుక్కుని, పంచె ఎగగట్టి మామిడితోట గట్టు మీద పరుగెత్తుతున్నాడు. ఆ చివరిదాకా పోయి మళ్లీ వచ్చాడు. ఎగరొప్పుతూ అరుగు మీద కూలబడ్డాడు.

"నిజమే పాపా. ఏసిన అడుగు ఏసినట్టే మింగేస్తా ఉండాది" అని మొహం కండువాలో దాచుకున్నాడు.

నేనన్నది అబద్ధం కాదని ఆయనకు రుజువైంది. రుజువై ఏం ఒరిగింది? సీటు ఆ పిల్లకు పోయింది. మరుసటి ఏటికి నాకు వయసు దాటిపోయింది. కాయల కాలం రాగానే అమ్మ పక్కన కూర్చున్నాను. సొన మొదటి వారంలోనే నా వేళ్లను కూడా తినేసింది. నన్ను చూసి అమ్మ తన కొబ్బరినూనె గిన్నె నా వైపు జరిపింది.

నాయన మద్రాసుకు పోతూనే ఉన్నాడు, వస్తూనే ఉన్నాడు. ఉత్త చేతులతో వచ్చేవాడు. అమ్మ చెప్పులు తెగితే డబ్బులిచ్చి సంతలో కొనుక్కోమన్నాడు. పెళ్లి కుదిరినప్పుడు గాజులకని నేనే దారప్పోగు తీసుకుని ఆయన దగ్గరికి పోయాను. చెయ్యి చాపి, "కొలత తీసుకో నాయనా" అన్నాను. ఆయన రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.

"నువ్వే పోయి సూసుకో పాపా. మళ్లా తప్పితే నేను ఓర్సుకోలేను."