నెత్తళ్ల రేకు

ఈ దీవుల్లోని బతు బస్తీలో మా డాబా మీది రేకు మధ్యాహ్నం ఎండకు కాగి వాసన వేస్తే, నాకు నెత్తళ్ల పులుసు గుర్తొస్తుంది.

మా చిన్నప్పటి ఇల్లు సముద్రం ఒడ్డునే ఉండేది. అక్కడ ఇసుక ఎప్పుడూ చెమ్మే కాబట్టి, వానలు తగ్గిన నెలల్లో మామ్మ నాలుగు గుంజల మీద రేకు పరిచి, ఉప్పు పట్టించిన నెత్తళ్లను దాని మీద ఆరబోసేది. ఎండ ఎంత వేడి పోస్తే సముద్రపు గాలి అంత వేడినీ ఎత్తుకుపోవాలి, అప్పుడే చేప ఎండుతుంది; గాలి పడిపోతే ఉడికి ముల్లు వదిలేస్తుంది. వలతాళ్లు లాగి మామ్మ అరచేతులు మొద్దుబారాయి గనక, గంటకోసారి మాలో ఒకరి చేత ఖాళీ రేకు మీద చెయ్యి పెట్టించి నెమ్మదిగా పది లెక్కపెట్టేది. పది దాకా చెయ్యి ఆగకపోతే చేపల్ని నీడకు ఎత్తెయ్యాలి. ఆటకు పోవాలని దొంగవేషాలేస్తే వీపు మీద చీపురు తిరగబడేది.

ఒకరోజు కాకుల కాపలా నాది. ఎండకు ఓర్వలేక, సముద్రం వైపు గుంజలకు పాత టార్పాలిన్ ఓరగా కట్టుకుని ఆ నీడలో పడుకున్నాను. కాసేపటికి, గాలి తగలక కాగిన రేకు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాను. అంతలో మామ్మ వచ్చింది. ఆమెకు దగ్గరిచూపు ఆనదు, పైన కొబ్బరి మట్టలు ఊగడం మాత్రం కనిపించింది.

"నేనిందాకే ఎట్టినాను, సల్లగానే ఉంది. పైడి వంతు" అన్నాను. పైడి నా చెల్లెలు, నాకన్నా రెండేళ్లు చిన్నది, అక్కనని నన్ను 'అప్పా' అంటుంది; మామ్మ వెనకే వచ్చింది.

మామ్మ లెక్క మూడుకు, "తీన్" దగ్గరే అది అరిచింది.

"గాలిసురుతుంటే ఏటే నాటకాలు, నిన్నా ఇలాగే సేసినావు" అని మామ్మ దాని మణికట్టు పట్టి పది దాకా అదిమింది. అరచేయంతా బొబ్బలు. మామ్మ ముందు చేపల్ని తడిమి, "ఉడికిపోనాయే" అని నెత్తి కొట్టుకుంది. నేను చప్పుడు చేయకుండా టార్పాలిన్ విప్పేశాను. ఆ నెత్తళ్లతోనే పెట్టిన పులుసు రాత్రి రెండుసార్లు వడ్డించుకున్నాను. పైడి అరచెయ్యి ఉప్పుకు పుండు పడి మానింది, వేళ్లు మాత్రం ఈనాటికీ తిన్నగా సాగవు.

మొన్న ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ నుంచి బస్సులో వచ్చిన పైడి, డాబా మీద రేకును చూస్తూ నిలబడింది.

"అప్పా, ఆ రోజు గాలుంది గదా. రేకెందుకు కాలిందో నాకు సమజ్ అవదు."

"మామ్మే టార్పాలిన్ అడ్డం కట్టింది" అన్నాను.

పైడి వంకర వేళ్లతో టీ గ్లాసు తిప్పింది. "ఆవిడ పోయినప్పుడు నేనేడవలేదని నువ్వే తిట్టినావు."

ఆ ఒడ్డు మీద ఇల్లు లేదు, గుంజలు లేవు, నన్ను కాదనడానికి మామ్మా లేదు. టీ చల్లారుతోంది, తాగమన్నాను.